రోగికి తోడు

(కాల్పులకు నాలుగింటి వరకే విరామం. సందు చివర సహాయ సంస్థ బస్సు. తలుపు దగ్గర జాబితాతో ఉద్యోగి, స్టీరింగు ముందు డ్రైవరు, మెట్టు మీద ఒక పెద్దావిడ. కింద ఆఫీసు కుర్చీలో ఒకాయన.)

“అమ్మా, లోపలికన్నా వెళ్ళండి, కిందికన్నా దిగండి. తలుపు వెయ్యాలి.”

“వెయ్యి నాయనా. నా కాలు అడ్డమొస్తే చూసుకుందాం.”

“మీ పేరుంది. మీ పక్కింటాయన పేరు లేదు.”

“రాస్తే ఉంటుంది. పెన్ను నీ చేతిలోనే ఉందిగా.”

“ఆయన వయసు?”

“యాభై ఎనిమిది.”

“అదే మరి! అరవై లోపు మగవాళ్ళని ఎక్కించబోమని రెండు పక్షాలకీ రాసిచ్చాం.”

“పక్షవాతమొచ్చి సగం ఒళ్ళు పడిపోయింది. కుర్చీ చక్రం ఊడితే సందంతా ఈడ్చుకొచ్చాను. ఏ చేత్తో తుపాకీ పడతాడు, చెప్పు? నువ్వు నవ్వకు డ్రైవరు బాబూ!”

“చెక్‌పోస్టులో ఒక్క పేరు తేడా వస్తే బస్సు మొత్తం వెనక్కి పంపుతారు. లోపల నలభై మంది ఉన్నారమ్మా. రేపటి బస్సూ ఉండదు.”

“వాళ్ళకోసం ఇతన్ని వదిలెయ్యమన్నది ఎవరు? ఆ నలభై మందా? అడిగావా?”

“సార్, మూడుంబావు.”

“తెలుసు!”

“రోగులకి వయసు పట్టింపు లేదు కదా సార్? మొన్న ఆ కిడ్నీ ఆయన్ని...”

“నువ్వు స్టీరింగు చూసుకో.”

“నిజమేనా? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! ఇంతసేపూ ఈ ముక్క దాచావు.”

“దాచలేదు. రోగి అయితే రక్తసంబంధీకులు తోడుండాలి. దారిలో, క్యాంపులో, అన్నిటికీ పూచీ పడాలి. ఆయనకి ఎవరూ...”

“నేనున్నాగా. ఇటివ్వు కాగితం. సంతకం ఇక్కడేనా?”

“ఆగండాగండి. మీరేమవుతారు?”

“అక్కని.”

“ఇందాక పక్కింటాయన అన్నారు?”

“అన్నాను. ఇప్పుడు తమ్ముడంటున్నాను. రాయి.”

“అబద్ధమని తెలిసీ ఎలా రాయను? పరాయివాడికోసం ఇంత పంతం దేనికమ్మా మీకు?”

“మా అబ్బాయిని సైనికులకి పట్టిచ్చింది ఇతనే. వాణ్ణి ఎక్కడికి తీసుకెళ్ళారో తెలిసిందీ ఇతనికే. ఇంకా నోరు విప్పలేదు. విప్పేదాకా చావనివ్వను. తమ్ముడని రాయి.”