మారెన్ మోగలేదు

పెళ్లయి నెల తిరగని ఆ ఇద్దరూ డెన్మార్క్‌లోని ఒక పల్లె చర్చిలోనే పనిచేస్తారు. ఆమె ఆఫీసులో, అతను తోటలో.

"నిన్న సాయంత్రం గంట మోగలేదట. ఈ పొద్దునా మోగలేదు."

"నీతో కబుర్లలో పడి నేను గమనించనేలేదు."

"నేనూ అంతేలే. కంప్యూటర్లో ఏమైనా కదిపావా?"

"నెమ్మదిగా ఉందని వెనకాల నడిచే ప్రోగ్రాములు కొన్ని ఆపాను. 'మారెన్' అని ఒకటుంది. ఆడమనిషి పేరేంటి, వైరస్సేమో అనుకున్నా."

"అయ్యో పిచ్చిదానా! గంట మోగించేది అదే. ఇక్కడ ఏళ్లతరబడి గంట కొట్టిన హోల్గర్ తాత, చేత్తో కొట్టడం మానేసిన రోజు, దానికి తన భార్య పేరు పెట్టుకున్నాడు."

"ఆవిడ..."

"అప్పటికే పోయింది. ఇందాక ఆయన గోపురం మెట్లమీద ఆయాసపడుతూ కూర్చున్నాడు. తాడు తనే లాగుదామని ఎక్కాడట. 'మారెన్‌కి ఒంట్లో బాగాలేదా?' అని అడిగాడు."

"దేవుడా! ఉండు, మళ్లీ మొదలుపెట్టేశా. సాయంత్రం గంట మోగేదాకా ఆయన పక్కనే కూర్చుంటా. ఆపింది నేనేనని అప్పుడు చెబుతా."

"ఇప్పుడే చెప్పొచ్చుగా?"

"ముందు ఆయన్ని ఆవిడ గొంతు విననీ."