రాఖీ పున్నం లైవ్

సిద్దిపేటలో నవనీత బ్లౌజులు కుట్టే దుకాణం. రాఖీ పున్నమి నాటి మధ్యాహ్నం. ఆమె తమ్ముడు, పాటగాడు హరీష్, మేనేజర్ మహేందర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు.

"మాస్కు తియ్‌రా. నీ మొకం నాకు కొత్తనా?"

"ఎవలన్న జూస్తరక్కా."

"జూడనియ్. పోయినేడు గణపతి నిమజ్జనంల గిదే గల్లీల కారు మీదెక్కి చేతులూపినవు గద."

"గది వేరే."

"అవ్, వేరే. అప్పుడు నీతోని ఫోటోలకు కొట్లాడిన్రు. ఇయ్యాల గా రాఖీల బండోడు పొద్దటి సంది ఎవలెవలి పాటలో ఏస్తుండు. నీ అక్క పాట ఒక్కపారి గూడ ఎయ్యలే. ఏటా గదే గద నడిచేది."

"ఏస్తె మంది తిడ్తరని భయపడుతుండొచ్చు."

"భయం గాదు, అసయ్యం. అక్క మీద పాట పాడి పేరు తెచ్చుకున్నోడు గిసొంటి పని జేసిండని."

"నేనేం జెయ్యలే."

"మరి గీ మిఠాయి డబ్బ ఏంది?"

"పండుగ గదక్కా!"

"పోయినేడు పండుగకు ఫోన్ గూడ జెయ్యలే నువ్వు."

"నవనీతక్కా, నేను సీదా చెప్త. అన్న కష్టంల ఉన్నడు. కాలేజీ ప్రోగ్రాంలు పోయినయ్, దుబాయ్ ప్రోగ్రాం పోయింది. బతుకమ్మ పాట రికార్డయి ఉన్నది, కంపెనోళ్లు ఇడుస్తలేరు. ఆయన గొంతుకు ఆడోళ్లు బతుకమ్మ ఆడరని మొకం మీదనే అన్నరు."

"సక్కగనే అన్నరు, మహేందర్."

"అందుకే మీరు లైవ్‌ల అన్నకు రాఖీ కట్టాలె. అక్క పాటల అక్క మీరే అని అందరికి ఎరుకనే. మీరంటే మందికి నమ్మకం. రెండు మాటలు చెప్పున్రి, చాలు."

"ఏం మాటలు?"

"మా తమ్ముడు ఆడోళ్లను ఎంత మర్యాదగ జూస్తడో, గట్ల. కండ్లల్ల నీళ్లొస్తె ఇంకా మంచిది."

"రాకపోతె?"

"దానికి మందు ఉంటదక్కా. సినిమాలల్ల కండ్లకు ఏస్కుంటరు."

"తెచ్చినవా?"

"అంటే..."

"తెచ్చినవా లేదా?"

"కార్ల ఉన్నది."

"థూ."

"ఆయనను ఏమనకక్కా, నేనే తెమ్మన్న. ఇంకోటి... గీ చీర మంచిగున్నది గని, పాతది ఏదన్న కట్టుకోరాదు? సాదిన అక్క లెక్క కనవడాలె."

"లెక్క కనవడాల్నా? సాదలేదారా నిన్ను?"

"సాదినవ్. అవ్వ సచ్చిపోయినంక నువ్వే సాదినవ్. గదే చెప్పు లైవ్‌ల."

"చెప్త. మరి గా పిల్ల ముచ్చట?"

"ఏ పిల్ల?"

"ఏ పిల్లనా?"

"గా కోరస్ పిల్ల ముచ్చట ఇప్పుడెందుకు?"

"పేరు లేదా?"

"కేసుల ఉన్నదక్కా. పేరెందుకు?"

"బయట వద్దు. అక్కతోని అన్నందుకు ఏమైతది? నీ నోటికి వస్తలేదు, గంతే. రిషిత. మిరుదొడ్డి యోహాను బిడ్డ. గీ దుకాణంలనే కొలతలిచ్చి లంగా ఓణి కుట్టిచ్చుకున్నది. నీ ఎనక నిలవడి పాడతనని ఎంత మురిసిందో. నిన్ను అన్నా అని పిలిచింది."

"అందరు అన్నా అనే పిలుస్తరు."

"గదే నేననేది. యోహాను ఇంటికి చీర ఎవలు పంపిన్రు? నువ్వు చెప్పు మహేందర్."

"గది... నేనే తీస్కపోయినక్కా. చెల్లె అని చీర పెడితె జర సల్లవడ్తరని."

"చీర, పసుపు, కుంకుమ. చర్చికి పోయేటోళ్ల ఇంటికి!"

"యాదికి రాలేదక్కా. అందరికి గట్లనే పెడ్తం గద."

"పైకెల్లి వీడియో గూడ తీసినవ్."

"అన్నకు మంచి పేరు వస్తదనుకున్న."

"మన దిక్కు తప్పు జేసినోడే గద చీర పట్టుకొని పోయేది? ఏం జెయ్యకుంటె చీరెందుకు పెట్టిండని ఊరు ఊరంత అడిగింది. యోహాను మడత ఇప్పకుంట తీస్కపోయి ఠాణాల ఇచ్చిండు."

"గీనితోనే నాశనమైన అక్కా. నిన్నెవడు పొమ్మన్నడురా గాడికి?"

"నువ్వే గదన్నా, పొద్దుగాల్నే పో అని..."

"నోరు ముయ్!"

"నువ్వు ముయ్యి హరీష్. మహేందర్, నువ్వు పొయ్యి కార్ల కూసో. పిలుస్త."

"సరేనక్కా."

"ఆఁ, పోయిండు. ఇప్పుడు చెప్పు. గా రాత్రి జగదేవ్‌పూర్ ఫాంహౌస్‌ల ఏమైంది?"

"షూటింగ్ అయింది."

"అయినంక?"

"అందరు పోయిన్రు."

"అందరా?"

"గామె ఉన్నది. కూసొని ముచ్చట వెట్టినం. గంతే."

"ముచ్చటకు తలుపు గొళ్లెం ఎందుకురా?"

"గొళ్లెం పెట్టిన్నని నీకెవలు చెప్పిన్రు?"

"పెట్టలేదా?"

"ఎవలు జూసిన్రు? గామె మాట ఒకటి, నా మాట ఒకటి. తెల్లారి ఇంటికి పోయిన అంటది. నడుమల ఎక్కడున్నదో పోలీసోళ్లకు గూడ చెప్తలేదు. మా వకీలు గదే పట్టుకున్నడు. ఎవనితోనో ఉన్నది, ఇప్పుడు నా మీద ఏస్తుంది."

"గా ముచ్చట ఫోన్లల్ల తిప్పింది నువ్వా?"

"నేను గాదు, ఫ్యాన్స్."

"వద్దన్నవా?"

"నేనెందుకు వద్దంట అక్కా? నా బతుకు పోతుంటే!"

"నీ బతుకు. గా పిల్ల కాలేజీ ఇడిసిపెట్టింది, ఎరుకేనా?"

"మళ్ల సదువుకుంటది. నాకు బతుకమ్మ పోతె మళ్ల ఎవ్వడు పిలువడు. అక్కా, నీ తమ్ముని మీద నీకు పాణం లేదా?"

"ఉన్నది. అందుకే గిన్ని దినాలు సప్పుడు జెయ్యలే. అన్నం ముంగట కూసుంటె లోపటికి పోతలేదు. నా చేతితోని నీకు పెట్టిన ముద్దలు యాదికొస్తయ్."

"గట్లనకక్కా."

"ఒక్కపారి అడుగుతున్న. పోలీసుల కాడికి నువ్వే పోతవా? నడువు, నేనొస్త నీ ఎంబడి."

"పిచ్చి లేశిందా నీకు?"

"పోవా?"

"నేనేం జెయ్యలే అంటున్న గద! రాఖీ కడ్తవా, కట్టవా?"

"లైవ్ పెట్టుమను."

"నిజంగనా?"

"పెట్టుమను."

"మహేందర్! తొందరగ రా. అక్క ఒప్పుకున్నది. నా బంగారు అక్కవే నువ్వు."

"కాళ్లు ముట్టకు."

"అక్కా, గీ కుర్చీల కూసోన్రి. మిషను ఎనక కనవడాలె. గా మందు..."

"అవసరం లేదు. షురువైందా?"

"అయింది. వస్తున్రక్కా. మస్తుమంది వస్తున్రు. కంపెనోళ్లు గూడ చూస్తున్రు."

"జర ఆగుదాం. ఇంకింతమంది రానియ్యి."

"ఇగ చెప్పున్రక్కా. ముచ్చట చెప్పుకుంట రాఖీ కట్టున్రి."

"ముందు ముచ్చట. గదైనంక వీడు చెయ్యి సాపితె కడ్త."

"సాపుతనక్కా, ఎందుకు సాప? చెప్పు నువ్వు."

"అందరికి నమస్తె. నేను నవనీతను, హరీష్ అక్కను. గా పిల్ల ఇల్లు చేరేలోపు ఎవనితోనో ఉన్నదని తిప్పుతున్నరు గద ఫోన్లల్ల. ఎవనితోని లేదు, గా రాత్రి నా కాడికొచ్చి ఉన్నది. నా తమ్ముడని నేను గిన్ని దినాలు నోరిప్పలే, నా పేరు బయటికి రావద్దని గా పిల్ల గూడ చెప్పలే. తెల్లారంగ మా ఇంట్ల ఆమెకు తానం పోయిచ్చి, నా చీర కట్టిచ్చి, వాళ్ల ఊరి బస్సెక్కిచ్చిన. వీడు చింపిన ఓణి నేను కుట్టిందే, నా పెట్టెలనే ఉన్నది. గిప్పుడు తీస్కొని ఠాణాకు పోతున్న."