నాలా దాటే ముందు

వానకు పొంగిన నాలా అవతల పంజాగుట్టలో చెల్లెలికి పురిటి నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. అమీర్‌పేటలో యుద్ధంనాటి పాత జీపు బానెట్ ఎత్తి మొగుడు పని చేస్తుంటే, ఆమె గొడుగు పట్టుకుని నిలబడింది.

“నాలా నడుంలోతు పారుతున్నదట. బండి ఆగదా?”

“నీళ్లు తగలకుండ ప్లగ్గులకు గ్రీజు పూసిన. ఫ్యాను ఇంజన్ మీద నీళ్లు చిమ్ముతదని దాని బెల్టు తీసిన. ఒడ్డెక్కినంక మళ్ల ఎక్కియ్యాలె. మర్చిపోకుండ ఆ బెల్టు జర నా మెడల ఎయ్యి, చేతులు జిడ్డున్నయి.”

ఆయన తల వంచాడు. బెల్టు మెడలో వేస్తుంటే ఆమెకు నవ్వొచ్చింది.

“పెండ్లినాడు సుత గిట్లనే వంగినవ్. దండ తియ్యకుండనే బస్సు కిందికి దూరినవ్.”

“చుట్టాల బస్సు ఆగిపాయె మరి.”

“అందరు నవ్విన్రు. నువ్వు బయటికొచ్చేదాంక నేను కూసోలే.”

“నీ చెల్లెను తీస్కొస్త. ఫికర్ చెయ్యకు.”

“తీస్కరా. నువ్వొచ్చేదాంక గిప్పుడు సుత కూసోను.”