నాకెందుకే ఆ శాలువా

"మామ్మా, ఆదివారం చర్చిలో నీకు శాలువా కప్పుతారట కదా. తాతయ్య వాళ్ళమ్మని ఆరేళ్ళు ఎలా సూసుకున్నావో ఈ ఫోన్లో సెప్పు. రికార్డు సేసి పాస్టరుగారికి పంపిస్తాను."

శాలువా. ఈ ఎండల్లో శాలువా కావాలని ఎవులడిగినారే ఆళ్ళని? సరే, నొక్కు. ఎర్రగా ఎలుగుతన్నాది, అంటే ఇంటన్నట్టేనా? ఇననీ.

మా అత్త గ్రేసమ్మ, నువ్వు సూసినావు గానీ బాగా సిన్నదానివి, మన చీపురుపల్లి అవతల మిషన్ హాస్టల్లో వంటమనిషి. ముప్పై ఏళ్ళు... కాదు, నలభై ఏళ్ళు సేసినాది. నూట ఇరవై మంది సదువుకునే గుంటలకి ఒంటి సేత్తో గంజి వార్చీది. నాకు మాత్రం ఉప్పెయ్యడం రాదనీది, అది వేరే కత. పని మానేసినాక కొన్నాళ్ళు బాగానే ఉన్నాది. తరవాత మతి పోనాది. డాక్టరు మతిమరుపు జబ్బన్నాడు, బాగవదన్నాడు, అంటూనే బారెడు మందులు రాసినాడు.

అప్పుట్నించి పొద్దు లెగిస్తే ఒకటే గోల. గుంటలొచ్చేస్తన్నారు, ఎసరు పెట్టవే అని. పెట్టినానత్తా అంటాను. నిమిషమవదు, మళ్ళీ ఎసరు. ఒక రోజా రెండ్రోజులా, ఆరేళ్ళు.

మీ తాతయ్య సొంత కొడుకు కదా, ఏటి సేసినాడనుకున్నావు? వాకిట్లో కుర్సీ ఏసుకుని పేపరు సదివీవోడు. ఆడమనిషికి నీళ్ళు నానెలా పోస్తానే అనీవోడు. మరి అన్నం కలిపి పెట్టడానికి ఏటి అడ్డమో నాను అడగనేదు. పోనీలే, పోయినోణ్ణి అనకూడదు. విశాఖపట్నంలో మా ఆడపడుచైతే ఫోన్లోనే సేవ సేసీది. అమ్మకి బాదంపప్పు నానబెట్టి పెడతన్నావా వదినా అనీది. నువ్వు పంపిన బస్తాలోంచే పెడతన్నాను తల్లీ అన్నానోసారి. రెండు నెల్లు ఫోన్ సెయ్యనేదు. ఆ రెండు నెల్లూ హాయిగా ఉన్నాది.

ఇక మన చర్చి ఆడోళ్ళు. ప్రార్థనకని పదేసి మంది వచ్చీవోరు. ఒకర్తి మా అత్త గెడ్డం పట్టుకుని, నేనెవరో సెప్పు గ్రేసమ్మా అని పరీక్ష పెట్టీది. ఆవిడ సెప్పలేకపోతే అయ్యో అని పక్కదాని మొకం సూసీది. పరలోకంలో నీకు కిరీటం ఉన్నాదమ్మా అని నాతో అనేసి, టీ తాగి ఎలిపోయీవోరు. కిరీటం ఏటి సేసుకుంటానే, నాకు తల దువ్వుకోడానికే తీరిక నేదు. నువ్వో గంట తొంగోవే, ముసల్దాని కాడ నేను కూకుంటాను అని ఒక్కర్తి, ఒక్కర్తంటే ఒక్కర్తి అననేదు. ఆళ్ళ టీ గ్లాసులూ నానే కడిగీదాన్ని.

ఓ మజ్జాన్నం, ఆవిడ తడిపేసిన దుప్పట్లు సర్ఫు నీళ్ళలో నానబెట్టి, పరుపు ఎండలో ఏసి వచ్చినాను. వచ్చేసరికి మా అత్త నెల బియ్యం డబ్బా ఎత్తి ఆ సర్ఫు నీళ్ళలోనే పోసి కడుగుతన్నాది. గుంటలకి వండాల కదా మరి.

కొట్టినాను. సెంప మీద. నా అయిదు వేళ్ళూ తేలినాయి. ఫోన్ని సూడకు, నన్ను సూడు. ఆవిడ సెంప పట్టుకుని, నన్ను ఎనకటి హాస్టలు వార్డెనమ్మ అనుకున్నాది కాబోలు, "అమ్మగారూ, గుంటలకి అన్నం పెట్టేసి ఎలిపోతాను, అందాకా ఉండనీయండి" అన్నాది.



ఆదివారం చర్చిలో సాక్ష్యాలు సెప్పమన్నారు. నీకు తెలిసిందే కదా, ఒకరు కొడుక్కి ఉద్యోగమొచ్చిందంటారు, ఒకరు నడుం నొప్పి తగ్గిందంటారు, అందరూ ఆమేన్ అంటారు. నాను లెగిసినాను. మా అత్త పక్కనే కూకున్నాది, ఇంట్లో ఒగ్గేసి రానేను కదా. "మీరు కిరీటం ఉన్నాదన్నారు. ఈ సేత్తోనే మొన్న మా అత్తని కొట్టినాను. ఈవిడ సచ్చిపోతే బాగుణ్ణని కూడా అనుకున్నాను" అనేసినాను.

అప్పుటి పాస్టరు పాటల పుస్తకం తిరగేస్తన్నాడు. ఎవులు సాక్ష్యం సెప్పినా అందరికన్నా ముందు గట్టిగా ఆమేన్ అనడం మా అత్తకి ఎప్పుట్నించో అలవాటు. అన్నాది. అంతమందిలో ఆవిడొక్కర్తే అన్నాది, హాస్టల్లో గుంటల్ని అన్నానికి పిలిసీ ఆ పెద్ద గొంతుతోనే.

తెలిసి అననేదులే, నాకు తెల్దేటి. అయినా నాకు ఏడుపు ఆగనేదు. ఆవిడ నా కొంగు లాగి, ఎసరు పెట్టినావా అన్నాది.

గేటు కాడ ఒక్కర్తి పలకరించనేదు. ప్రార్థనకి రావడమూ మానేసినారు, టీపొడి మిగిలినాది. ఇంకో రెండేళ్ళు బతికినాది మా అత్త. ఇప్పుడు పాస్టరు కొత్తోడు, ఆడోళ్ళు పాతోళ్ళే, ఆళ్ళే శాలువా కప్పుతారట. ఆ రోజు నానన్న మాట ఒక్కర్తికీ గుర్తు నేదు. జబ్బు మా అత్తకే అనుకున్నాను నాను.

పంపుతావా ఇది? పంపు. ఇన్నాక కూడా కప్పుతానంటే కప్పించుకుంటాను, సలికాలం పనికొస్తాది.

ఒసే, ఇలా దగ్గిరికి రా. రేపు నా బుర్రా అలాగే అయిపోతే, నీ సెయ్యి లెగకుండా ఆ దేవుడే సూడాల. నువ్వో గంట తొంగోడానికి పక్కన ఒక మనిషిని కూడా ఇవ్వాల నీకు. అదే నా దీవెన. ఒకేళ సెయ్యి లెగిసిందో, దాసుకోకు, లెగిసి నలుగురిలో సెప్పెయ్. నన్ను పక్కనే కూకోబెట్టుకో. ఆమేన్ అనడం నానూ ఇప్పుట్నించే అలవాటు సేసుకుంటన్నాను...