కర్చీఫ్ వేసిన సీటు

మ్యాట్నీ చూసొచ్చిన ఆ కొత్త దంపతులు నూజివీడు బస్టాండులో చాట్రాయి బస్సెక్కారు. అతను కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీటు పట్టాడు. తెలియక అందులో కూర్చున్న ఒకావిణ్ణి లేపి మరీ భార్యను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆమె మురిసిపోయింది. బస్సు కదిలాకే తలతిప్పి ఆవిడను చూసింది.

“ఏవండీ, సినిమాలో హీరో ఎగిరొచ్చి రైలాపితే ఈల వేశారు కదా.”

“వెయ్యనా మరి? ఒంటిచేత్తో ఆపాడు.”

“మీరూ ఒంటిచేత్తోనే సీటు పట్టారు.”

“చూశావుగా, గురి తప్పలేదు.”

“ఆవిడకి నెలలు నిండాయండీ.”

అతనూ తలతిప్పి చూశాడు.

“నేను కర్చీఫే చూశాను. మనిషిని చూడలేదు.”

“నేను మిమ్మల్నే చూస్తూ కూర్చున్నాను.”

“ఇప్పుడు లేస్తే బస్సంతా మనల్నే చూస్తుంది.”

“చూడనివ్వండి.”

ఇద్దరూ లేచారు. ఆమె ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“కొత్త దంపతులు, మీరు కూర్చోండమ్మా. పొద్దున్నుంచీ మామిడికాయలు ఏరుతూ నిలబడ్డదాన్నే. ఇంకో గంట నాకో లెక్కా?” అందావిడ.

బలవంతాన కూర్చోబెట్టాక కూడా, ఇద్దరిలో ఎవరికీ ఆవిడ మొహం చూసే ధైర్యం రాలేదు.