మూడు మూలల లెక్క

సకల జనుల సమ్మెతో బడి మూతపడి నెల దాటింది. జఫర్‌గఢ్ దారిలో, సమ్మె టెంటు పక్కన, తండా నుంచి నడిచొచ్చిన మంగ్లీ లెక్కల సారు నరేశ్‌ను పట్టుకొని మనవరాలి సంగతి ఎత్తింది.

"...గంట సేపే సారూ. కంప్యూటర్ అర్ర తాళం తీస్తే మా దీప లెక్కలు జేసుకొని పోతది."

"సమ్మెల ఉన్నం అవ్వా. బడి తెరిస్తే నన్ను ద్రోహి అంటరు."

"తెలంగాణ అచ్చేదాంక నేను గూడ మీ టెంట్ల కూసుంట. పోరి పదోది ఆగుతదా? లెక్కలల్ల తప్పితే బడి మాన్పించి పత్తి ఏరనీకి తోలుకపోత అన్నడు మా జాల్యా. నా కొడుకే గని, అన్నడంటే అన్నట్టే."

"పుస్తకం చదువుకొమ్మను."

"పుస్తకంల కోణాలు సచ్చినట్టు పడుంటయట. కంప్యూటర్ల మూల వట్టి గుంజుతే కదులుతయట. అండ్ల మాట్లాడే ఆమె తెలుగు మా తండా పోరగాండ్లకు సమజ్ గాకపోతే, మీరే గొంతు బంద్ వెట్టి, చేత్తోని గుంజి సూడుమన్నరట గద."

"అన్న... అన్న."

"ఒక మూల పెద్దగైతే కడమయి చిన్నగైతయి. మూడు గలిపితే మాత్రం నూట ఎనభయ్యే. ఇంట్ల కంది కట్టెలతోని జేసి సూపెట్టింది. సదువు రాని నాకే సమజైంది సారూ. ఒకడు ఎక్కువ గుంజుకుంటే కడమోళ్లకు తక్కువైతది. గంతేనా?"

"గంతే."

"మరి తియ్యరాదుండ్రి."

"తాళంచెవి పెద్దసారు దగ్గరున్నది."

"పెద్దసారు మీ దగ్గరున్నదన్నడు."

"కరెంటు లేదవ్వా."

"నిన్నటిసంది ఉన్నది."

"ఎలుకలు వైరు కొరికినయి. అది నడువది."

"నడువదా?"

"నడువదన్న గద. పో అవ్వా, అందరు సూస్తున్నరు."

"పోత. శ్రీపాల్ పటేలింట్ల ఊడిసేది నేనే గద సారూ. బడిల ఉంటే దొంగలు వడుతరని ఆ కంప్యూటర్ ఆడ వెట్టిండ్రు. రోజు దాని దుమ్ము దుడుస్తున్న. మీరు ఆయన కొడుకు జశ్వంత్‌కు లెక్కలు జెప్పేది గూడ సూస్తున్న."

"అవ్వా, గది... పటేలు అడిగితే కాదనలేకపోయిన."

"నేను ఎవలకు జెప్పలే. జెప్ప. పోరి చేతికి చీపురు ఇయ్యొద్దనే, దాన్ని మల్ల బడికి తెచ్చి అర్ర తియ్యుమని ఇంతదూరం నడిచొచ్చిన."

"ఇప్పుడేం జేద్దామంటవ్?"

"రేపటిసంది నా బదులు దీపనే ఊడుస్తది. మీరు లెక్కలు జెప్పేటప్పుడు కంప్యూటర్ మొఖం జర దర్వాజ దిక్కు తిప్పి వెట్టుండ్రి."