వాచీ చెప్పిన గుండె

పొద్దుటి పరుగుకని వెళ్ళొచ్చి, స్నానం చేసి, దర్జీ కాఫీతో కూర్చుని చాలాసేపయింది. ఆయన భార్య మాత్రం చేతిలో ఫోను వదలడం లేదు.

“నిజం చెప్పండి. గుండె దడగా లేదూ?”

“లేదే.”

“ఆయాసం?”

“అదీ లేదు. పొద్దున్నే ఈ ఆరా ఏంటి?”

“మీ వాచీ నా ఫోనుకి చెబుతోంది. మీ గుండె నిమిషానికి నూట అరవై సార్లు కొట్టుకుంటోందట.”

“పరిగెత్తొచ్చాను కదా.”

“వచ్చి పేపరంతా చదివేశారు. పరుగు ఆపిన కాసేపటికే దిగడం మొదలవ్వాలన్నారు డాక్టరుగారు. కూర్చున్నా దిగకపోతే వెంటనే తీసుకురమ్మన్నారు.”

“ఆ వాచీకి పిచ్చి.”

“వాచీకా, మీకా? ఎవరి మెసేజీ కోసం ఈ దడ?”

“నా మొహానికి మెసేజీలు కూడానా.”

“మాట తప్పించకండి. నెల్లాళ్ళుగా పరుగంటున్నారు. పొట్ట తగ్గలేదు, బూట్లకి మట్టి అంటలేదు.”

“నీకు అనుమానం జబ్బు.”

“చెయ్యి ఇలా ఇవ్వండి. నాడి చూస్తాను.”

“వద్దు. తడిగా ఉంది.”

“తడైతే ఏం? ఆ చొక్కా చెయ్యి పైకి మడవండి. మడవమంటుంటే... వాచీ ఏదీ?”

“అదీ... ఉందిలే.”

“ఎవరింట్లో ఉంది?”

“ఛ, అవేం మాటలు?”

“ఎవరి చేతికుంది?”

“చెబితే నవ్వుతావు.”

“నవ్వే ఓపిక లేదు నాకు. చెప్పండి.”

“మీ తమ్ముడి చేతికి. రోజూ వాడికే కడతాను. వాడెలాగూ పరిగెడతాడు కదా. వాడు మైదానంలో, నేను మన కొట్లో కుర్చీలో కునుకు. వాడు రాగానే వాచీ తీసుకుని ఇంటికొస్తాను. ఫోను చూసి నువ్వు నిశ్చింతగా ఉంటావు కదా అని...”

“నిశ్చింతా? నేనిక్కడ ఏమేమో ఊహించుకుని చస్తున్నాను. ఈ వయసులో ఆ దొంగవేషాలకి సిగ్గుగా లేదూ?”

“ఉంది. కొంచెం.”

“మా వాడినీ చెడగొట్టారు. రానివ్వండి వాడి సంగతి... ఆగండి. మీకు దడ లేదు.”

“లేదనేగా ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నాను.”

“మరి ఈ నూట అరవై ఎవరిది? వాడింకా పరిగెడుతున్నాడా?”

“లేదే. నేను ఇంటికి బయల్దేరకముందే ఆపేశాడు.”

“ఇవాళ వాచీ ఎందుకు తీసుకోలేదు మీరు?”

“అడిగాను. తర్వాత ఇస్తానన్నాడు. ఛాతీ పట్టేసినట్టుంది బావా, కొట్లోనే కాసేపు పడుకుంటానన్నాడు. ఎవరూ లేపకుండా... బయట షటరు దించి తాళం వేసొచ్చాను.”